మా రాతలో అయిదు

ఎడమ మూల ఇంకా తేటపడలేదు. నబీ తడి కాగితాన్ని ఉండచుట్టి, అద్దం మీద నోటి ఆవిరి ఊది మళ్లీ రుద్దాడు. కుడివైపు కొంచెం మసక ఉన్నా ఫరవాలేదు. ఎదురొచ్చే బండి ఎంత మసకలోనైనా కనపడుతుంది, కనపడకపోతే వినపడుతుంది. బోర్డుల సంగతి అలా కాదు. అవి ఎడమపక్కన చప్పుడు చెయ్యకుండా నిలబడి ఉంటాయి, చూసినవాడికే ఉంటాయి. అందుకని ఇరవై నాలుగేళ్లుగా ప్రతి పొద్దునా అద్దం తుడవడం ఆ మూలతోనే మొదలుపెట్టి ఆ మూలతోనే ముగించేవాడు. మిగతా డ్రైవర్లు హ్యాండిల్ తిప్పించి, బీడీ ముట్టించి, సీట్లో సర్దుకునేసరికి కూడా నబీ అద్దం దగ్గరే ఉండేవాడు. దానికి నవ్వినవాళ్లు నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో సగం మంది ఇప్పుడు డిపోలో లేరు.

పోలీసు చర్య జరిగి ఇరవై నెలలయింది. కొందరు కరాచీ పోయారు, కొందరు ఊళ్లకు పోయి తిరిగి రాలేదు, కొందరి చేతికి కాగితం ఇచ్చి గేటు చూపించారు. నబీ ఎక్కడికీ పోలేదు. పోవాలన్న ఆలోచన కూడా అతనికి రాలేదు. లష్కర్ నుంచి యాప్రాల్ మీదుగా కీసర దాకా ఉన్న దారి తప్ప లోకంలో ఇంకో చోటు ఉందని అతను ఎన్నడూ పట్టించుకోలేదు మరి. రెజిమెంటల్ బజార్ వెనక డిపో గోడను ఆనుకుని ఒంటిగది, అందులో భార్య నూర్‌బీ, ఆమె కుట్టుమిషను, ఈ దారి, ఈ బండి. యాభై రెండేళ్ల మనిషి సంపాదన అదే. ఇవాళ ఆ సంపాదన మొత్తం ఒక్క ట్రిప్పు మీద ఆధారపడి ఉంది.

కొత్త ఇన్‌స్పెక్టర్ బెజవాడ వైపు నుంచి వచ్చాడు. పాత డ్రైవర్లందరికీ మళ్లీ పరీక్ష పెట్టమని పైనుంచి హుకుం. డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, పోయి వచ్చేదాకా, దారిలో ఉన్న గుర్తులన్నీ చూసి నడుపుతున్నాడా లేదా అని రాసుకుంటాడు. ఒక్క తప్పు దొరికినా చొక్కాకున్న ఇత్తడి డ్రైవర్ బిల్ల తీసి బల్ల మీద పెట్టాల్సిందే. బిల్ల పోతే గది కూడా పోతుంది, ఎందుకంటే గది డ్రైవర్లకు ఇచ్చింది గానీ డ్రైవరుగా ఉండినవాళ్లకు కాదు.

నిజానికి గుర్తుల పరీక్ష అనగానే డిపో అంతా ఇది నబీకి దావత్ అనుకుంది. నబీకి బండి నేర్పిన ఉస్తాద్ షంషీర్ ఒకే ఒక్క పాఠం చెప్పాడు: బోర్డు కంటపడగానే నోటితో చెప్పు, చెప్పింది చెవితో విను, తర్వాత కాలు కదుపు. ఒకసారి చెప్పడం మరిచిపోతే నడిరోడ్డు మీద బండి ఆపించి చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ నబీకి జీతం కంటే ఎక్కువ పనికొచ్చింది. ఆనాటి నుంచి అతని పెదాలు బండి నడిపినంత సేపూ కదులుతూనే ఉంటాయి. వంపు. రైలు గేటు. బడి. వంతెన. రోజూ ఎక్కేవాళ్లలో ముస్లింలు అతన్ని తస్బీ డ్రైవర్ అనేవారు, హిందువులు జపం డ్రైవర్ అనేవారు. రెండింటికీ ఒకేలా నవ్వేవాడు. ఇరవై నాలుగేళ్లలో అతని పేరు మీద ఒక్క కోడిపిల్ల చావు కూడా లేదు.

పొడుగాటి మనిషి, ఎండిన మనిషి, చెవులు కొంచెం పెద్దవి. కుడి ముంజేయి కిటికీలోంచి ఎండకు మాడి నల్లగా ఉంటుంది, ఎడమ చెయ్యి ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టు తెల్లగా ఉంటుంది. ఆ ఎడమ చెయ్యి నాలుగు రోజులుగా భుజం నుంచి లాగుతోంది. గేరు రాడ్ బిగుసుకుపోయి అలా అవుతోందని నబీ దానికి నూనె పెట్టాడు. గేరుకు పెట్టాడు, చేతికి కాదు.

కష్టమంతా అంకెల దగ్గర వచ్చింది. నిజాం రోడ్ల మీద బోర్డుల్లో పైన ఉర్దూ, కింద ఇంగ్లీషు ఉండేవి. ఇప్పుడు పై వరసకు సున్నం కొట్టేస్తున్నారు. నబీ చదివింది ఉర్దూ బళ్లో, నాలుగో జమాత్ దాకా. అతనొక్కడే ఏమిటి, కండక్టర్ సదాశివ కూడా అక్కడే చదివాడు, ఆ రోజుల్లో ఎవరికైనా అదే బడి, అదే రాత. ఆ రాతలో అయిదు గుండ్రంగా ఉంటుంది. సున్నా అంటే ఒక చుక్క, అంతే. ఇంగ్లీషులో గుండ్రంగా ఉన్నది సున్నా, అయిదేమో కొక్కెంలా ఉంటుంది. తెలియక కాదు, తెలుసు. బండి మీటరులో ఉన్నవి ఇంగ్లీషు అంకెలే, కానీ వాటిని అతను ఎప్పుడూ చదవలేదు, ముల్లు ఎక్కడ నిలబడితే ఎంతో గుర్తుపట్టేవాడు. లష్కర్‌లో ఉత్త ఇంగ్లీషులో ఉన్న బోర్డులు కూడా బొమ్మల్లాగే గుర్తు. చదవాల్సి వచ్చినప్పుడు అతని కన్ను ఎప్పుడూ పై వరసకే పోయేది. నలభై ఏళ్లుగా గుండ్రాన్ని చూసి అయిదు అన్న కంటికి, ఇకమీదట అందులో ఏమీ లేదని చెప్పాలి. ఎంత తేలిక మాట, చెప్పేవాళ్లకు.

చెప్పింది నూర్‌బీ. ఆమెకు ఏ రాతా రాదు. కానీ జాకెట్లు కుడుతుంది, దర్జీ టేపు మీద ఒకటి నుంచి అరవై దాకా ఇంగ్లీషు అంకెలు ఆమెకు వేళ్ల మీద ఉంటాయి. నెల రోజులుగా ప్రతి సాయంత్రం టేపు మోకాళ్ల మీద పరిచి, ఎక్కడో ఒకచోట బొటనవేలు పెట్టి, ఇదెంత అని అడిగేది. నబీ పిల్లవాడిలా తల వంచి చెప్పేవాడు. అన్నీ చెప్పేవాడు, గుండ్రం వచ్చేసరికి నాలుక ముందు అయిదు అనేసేది.

“ఇగో, యాది పెట్టుకో,” అనేది నూర్‌బీ. “గుండ్రం ఉంటే లోపల ఖాళీ. ఏం లేదు. చేతుల ఏం లేకుంటే ఏమంటం? సున్నా అంటం.”

నిన్న సాయంత్రం ఇరవై సార్లు అడిగితే ఇరవై సార్లూ తప్పలేదు. ఇవాళ పొద్దున అతను బయల్దేరుతుంటే టేపును చుట్టచుట్టి ఖాకీ జేబులో పెట్టింది. మరి నీ పని ఎట్లా అంటే, ఇవాళ కుట్టేది ఏమీ లేదని అబద్ధం చెప్పింది. శారదమ్మగారి రెండు జాకెట్లు మిషను మీదే ఉన్నాయి, నబీ వాటిని చూసే బయటికి వచ్చాడు.

ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టర్ వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. సన్నగా ఉన్నాడు, మెడ నిండా చెమటకాయలు, మాటిమాటికీ రుమాలు తడుపుకుంటున్నాడు. చెడ్డవాడేమీ కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చేతిలో పుస్తకం ఉంది, అందులో రాయడానికి జీతం ఇస్తున్నారు, రాస్తాడు. నబీ సలాం చేసి సాబ్ అని, వెంటనే నాలుక కరుచుకుని సార్ అన్నాడు. సదాశివ గంట కొట్టాడు. రోహిణి కార్తె ఎండ అప్పుడే స్టేషను ముందరి గుర్రబ్బళ్ల మీద తెల్లగా పడుతోంది.

ఆ రోజు నబీ నడిపినట్టు ఎవరూ నడపలేరు. మైదానం పక్కన నడిరోడ్డు మీది తెల్లగీతకు జానెడు ఎడంగా చక్రం పోనిచ్చాడు, గీత వంగినచోట వంగాడు, తెగినచోట చూసి దాటాడు. రైలు గేటు బొమ్మ అల్లంత దూరాన ఉండగానే, గేటు, అన్నాడు. కాగడా బొమ్మ రాగానే, బడి, అని వేగం పదికి దించాడు. బడికి కాగడా ఎందుకో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు, అయినా ఇరవై నాలుగేళ్లుగా కాగడాకు మర్యాద ఇస్తూనే ఉన్నాడు. వెనక పెన్సిలు చప్పుడు ఒక్కసారి కూడా వినపడలేదు. గంట త్రాడు దగ్గర నిలబడ్డ సదాశివ ఒక కన్ను పుస్తకం మీదే పెట్టి ఉంచాడు. ఖాళీ పేజీ చూసి లోలోపల సంతోషపడుతున్నాడు.

యాప్రాల్‌కు ఇవతల ఒక గుడ్డి వంపు ఉంది. అక్కడి బోర్డు కంబం కొంచెం ఒరిగి ఉంటుంది. మిలిటరీ బండ్లు వచ్చిన రోజు ఒకటి దాన్ని ఒరుసుకుంటూ పోయింది. ఊరంతా తలుపులు వేసుకుని, ఎవరు బతికారో ఎవరు పోయారో అని లెక్కలు వేసుకుంటుంటే, కర్ఫ్యూ సడలించిన మొదటి పొద్దున నబీ నడుచుకుంటూ అంత దూరం పోయాడు. పడిపోయిన కంబాన్ని లేపి మొదట్లో రాళ్లు కూరి నిలబెట్టాడు. దారిలో ఎవరన్నా కాల్చేస్తే ఏమయ్యేదని నూర్‌బీ రెండు రోజులు అన్నం పెట్టలేదు. ఆ వంపు తెలియని బండి ఏదన్నా వస్తే ఎట్ల మరి, అన్నాడట ఈ మహానుభావుడు. ఈ కథ డిపోలో అందరికీ తెలుసు. ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు.

యాప్రాల్ దాటాక, టిక్కెట్టు లెక్కకు పాతిన అయిదో స్టేజీ రాయి, ఆ తర్వాత వాగు. వాగు మీది పాత మోరీకి, ఆ చిన్న వంతెనకు, ఒక పక్క కట్టడం విప్పి బాగుచేస్తున్నారు. నిన్నటిదాకా అక్కడ ఏ బోర్డూ లేదు. ఇవాళ ఉంది. ఇంకా పచ్చిగా మెరుస్తున్న తెల్లని పలక, దాని మీద నల్లగా రెండు అంకెలు, పైన ఉర్దూ లేదు, కింద తెలుగు లేదు. నబీ దాన్ని అందరికంటే ముందు చూశాడు. నిలువుగీత, పక్కన గుండ్రం. పెదాలు కదిలాయి, చెవి విన్నది, కాలు కదిలింది. ముల్లు పదిహేను దగ్గరికి దించి, వేలెడు కూడా అటూ ఇటూ కాకుండా నిలబెట్టి, మోరీ ఎక్కించాడు.

కింద పరిచిన చెక్కలు దడదడలాడాయి. ఒక రాయి ఊడి వాగులో పడింది. తట్ట మోస్తున్న కూలీ పక్కకు దూకి బస్సును బూతులు తిట్టాడు. బండి అవతలికి చేరింది, ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగి, బోర్డు చూశావా అని అడిగాడు.

“చూసిన సార్,” అన్నాడు నబీ. గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. “పదిహేను. పదిహేనుకే దించిన.”

“బండి ఆపు. దిగు.”

ఇద్దరూ ఎండలో వెనక్కి నడిచారు. బస్సులో ఉన్నవాళ్లందరూ కిటికీల్లోంచి తలలు పెట్టి చూస్తున్నారు. మోరీ మీద నడుస్తుంటే నబీకి ఎడమ భుజం నుంచి వేళ్ల దాకా లాగింది. బోర్డు ముందు నిలబడి చూశాడు. ఒకటి. పక్కన నూర్‌బీ బొటనవేలు కనపడినట్టయింది. గుండ్రం ఉంటే లోపల ఖాళీ.

“పది సార్,” అన్నాడు.

“మరి పదిహేనన్నావే? ఇరవై నాలుగేళ్లు బండి తోలావంటున్నారు, సున్నాకీ అయిదుకీ తేడా తెలియదూ?”

ఏం చెప్పాలి? బడి, పలక, మౌల్వీ సాబ్ బెత్తం, ఉస్తాద్ చెంపదెబ్బ, పై వరస, కింది వరస, ఇవన్నీ నబీ నోటిదాకా ఒక్కసారే వచ్చి ఇరుక్కున్నాయి. చివరికి వచ్చింది ఒక్కటే మాట.

“గిట్ల గుండ్రంగ ఉంటే మాకు అయిదు సార్. మా రాత గట్లనే ఉంటది.”

బస్సులో ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టర్ రుమాలుతో మెడ ఒత్తుకుని, “నీ తలరాత గోల నాకెందుకయ్యా, బోర్డు మీది రాత చదవమంటే?” అన్నాడు. అతనికి నిజంగా అలాగే వినపడింది. తాను అన్నది తలరాత కాదని నబీ చెప్పబోయాడు, ‘మా’ అనే మాట దగ్గర ఆగిపోయాడు. ఆ ఏడు ‘మా’ అంటే ఎవరో విప్పి చెప్పడం మంచిది కాదు. పెన్సిలు చప్పుడు అప్పుడు వినపడింది, చాలాసేపు వినపడింది.

కీసర పోయి లష్కర్‌కు తిరిగొచ్చేదాకా నబీ ఒక్క గుర్తు కూడా తప్పలేదు. మోరీ మీద పదికి దించాడు. ఒరిగిన కంబం దగ్గర వంపు అన్నాడు, కాగడా దగ్గర బడి అన్నాడు. అదేదీ ఎవరూ రాసుకోలేదు. డిపోలో బండిని సున్నపు గీతల మధ్య పెట్టినప్పుడు రెండు పక్కలా సరిగ్గా జానెడు జానెడు మిగిలింది. ఇంజను ఆపి ఎప్పటిలాగే స్టీరింగును ఒకసారి అరచేత్తో నిమిరి దిగాడు.

ఆఫీసు గదిలో ఇన్‌స్పెక్టర్ ఇంగ్లీషులో ఒక కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. నబీ ఉర్దూలో సంతకం పెట్టాడు. బిల్ల విప్పి బల్ల మీద పెట్టాడు. ఇరవై నాలుగేళ్లుగా అది ఉన్నచోట చొక్కా మిగతా చోటు కంటే కొత్తగా, ముదురు రంగులో ఉంది. ఇన్‌స్పెక్టర్ అది చూసి కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. పైనుంచి హుకుం వచ్చేదాకా ఖాళీగా ఉంచనని, స్టేజీ రాళ్ల మీది పాత అంకెలకు సున్నం కొట్టే పని ఉందని, ఏ రాయి ఎక్కడుందో నీకంటే తెలిసినవాడు లేడట కదా అని మెత్తగానే చెప్పాడు. జాలిపడే చెప్పాడు. నబీకి బిల్ల తీసినప్పుడు రాని కన్నీళ్లు ఆ జాలికి వచ్చాయి. అవి కిందపడకముందే గది బయటికి వచ్చేశాడు.

గోడ అవతల ఇల్లు. నబీ గోడ దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆ వేళకు మామూలుగా మిషను చప్పుడు ఇవతలికి వినపడుతుంది. ఇవాళ వినపడలేదు. టేపు తన జేబులో ఉంటే ఎలా కుడుతుంది? కొలతలు లేక చేతులు ముడుచుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. ఇరవై అడుగులు నడిస్తే చెప్పేయవచ్చు. ఏమని? సున్నా అనా? సాయంత్రం చెప్తాలే అనుకున్నాడు. సున్నం బకెట్టు, కుంచె తీసుకుని మధ్యాహ్నం బస్సు ఎక్కాడు. డిపో ఊడ్చే బుచ్చమ్మ తట్టలో సున్నపు పిండి, చంకలో బండ్లు ఆపే ఎర్రగుడ్డ పెట్టుకుని తోడు వచ్చింది.

అదే బండి. సీట్లో కొత్త కుర్రాడు. నబీ అన్నిటికంటే వెనక సీట్లో, కాళ్ల మధ్య బకెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఈ బండిలో వెనక కూర్చోవడం అతనికి ఇదే మొదలు. అక్కడి నుంచి చూస్తే బోర్డులు వచ్చేటప్పుడు కనపడవు, దాటిపోయాకే కనపడతాయి. అయినా పెదాలు కదిలాయి. గేటు. కుర్రాడు గేటును చూడలేదు, పక్కవాడితో మాట్లాడుతున్నాడు. బడి. కుర్రాడు హారన్ మోగించుకుంటూ దూసుకుపోయాడు. ఎడమ మూల అద్దం మీద పొద్దుటి దుమ్ము అలాగే ఉంది. వాడు మొన్ననే పరీక్ష పాసయ్యాడు, అంకెలన్నీ వచ్చు. తర్వాతి బోర్డు దగ్గర నబీ పెదాలు కదలలేదు. ఆ తర్వాత ఇక కదలనే లేదు.

సదాశివ టిక్కెట్లు కొట్టుకుంటూ వెనకదాకా వచ్చాడు. నబీ దగ్గర టిక్కెట్టు అడగాలో వద్దో తెలియక నిలబడ్డాడు. పదిహేనేళ్లుగా ఇద్దరూ ఒకే బండిలో తిరిగారు, ఒకే డబ్బాలో తిన్నారు. చివరికి పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా వంగాడు.

“నాకు సుత పదిహేనే అనిపించింది నబీ భాయ్. చెప్దామనుకున్న. నోట్లెకెళ్లి రాలె.”

నబీ అతని ముఖం చూశాడు. ముగ్గురు పిల్లలవాడు, పర్మినెంటు కాలేదు, వచ్చే నెల కండక్టర్లకు కూడా ఏదో పరీక్ష అంటున్నారు.

“రాకపోవుడే మంచిగయింది,” అన్నాడు. “ఇద్దరం పోయి ఏం జేస్తం. నువ్వన్న ఉండు. టేపు తెస్తలే, అంకెలు నేర్చుకో.”

యాప్రాల్ దాటాక, ఇంకా సున్నం పడని మొదటి రాయి, అయిదో స్టేజీ దగ్గర దింపి బస్సు పోయింది. చుట్టూ బండరాళ్లు, సీతాఫలం పొదలు, దుమ్ము. నీడ అనేది ఒక తుమ్మచెట్టు కింద చాపంత ఉంది. బుచ్చమ్మ సున్నం కలిపింది. మీరు నీడకు కూసోండ్రి డ్రైవర్ సాబ్, నేను పూస్త అన్నది. బిల్ల పోయిన సంగతి ఆమెకు తెలుసు, అయినా పిలుపు మార్చలేదు. నబీ వద్దన్నాడు. ఏ పని అయినా అతనికి సగం సగం చేయడం రాదు. చొక్కా చేతులు పైకి మడిచి, నల్లని చెయ్యీ తెల్లని చెయ్యీ రెండూ బకెట్టులో పెట్టాడు.

ముందు వెనకవైపు పూశాడు. తర్వాత రెండు పక్కలు. మూలల్లో మట్టి ఉంటే గోటితో గీకి మరీ పూశాడు. ఎండకు సున్నం వెంటనే గట్టిపడుతోంది. నీళ్లు కావాలని బుచ్చమ్మ ముంత తీసుకుని పొలాల్లో ఉన్న మోటబావి వైపు పోయింది. అప్పుడు నబీ రోడ్డు వైపున్న ముఖం ముందు గొంతుక్కూర్చున్నాడు.

రాయి మీది అయిదును ఎవరో పాతకాలం చేతిపనివాడు వేశాడు. నిండుగా, గుండ్రంగా, పైన కొస కొంచెం నొక్కి కలిపి ఉంది. బళ్లో మౌల్వీ సాబ్ తన వేలు పట్టుకుని ఇసుకలో దిద్దించింది ఇలాంటిదాన్నే. ఆయన చెయ్యి చల్లగా ఉండేది. అయిదు వచ్చిన రోజు తల్లి జాన్ బీ బెల్లం ముక్క చేతిలో పెట్టింది. అది వచ్చాక జీతం వచ్చింది, స్టేజీలు వచ్చాయి, నూర్‌బీ నిఖా కాగితం మీద తారీఖు చదవడం వచ్చింది. అందులో ఖాళీ ఎక్కడ ఉంది? నబీకి ఎంత చూసినా కనపడలేదు. ఏం లేదు, ఏం లేదు అని తనకు తనే చెప్పుకుంటూ కుంచె ముంచాడు. అంకె పైన పూశాడు. కింద పూశాడు. ఎడమవైపు పూశాడు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. కుంచె బకెట్టు మీద అడ్డంగా పెట్టి, రాయి పక్కనే, రోడ్డుకు ఎడమవైపు, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

బుచ్చమ్మ వచ్చి ముంతలో నీళ్లు బకెట్టులో పోసింది. బావిలో నీళ్లు అడుక్కు పోయాయని, మోట తోలే సోమయ్య అప్పటికీ ముంతెడు పోయడానికి సణిగాడని, వానలు ఎప్పుడొస్తాయో ఏమోనని చెప్పింది. కర్రతో సున్నం కలిపింది. ఆ డ్రైవర్ పిల్లగాడు బండి మంచిగ తోలడని కూడా చెప్పింది. నబీ రోడ్డు వైపే చూస్తున్నాడు. ఏదో బండి కోసం చూస్తున్నాడని ఆమె కూడా అటు చూసింది. రోడ్డు మీద ఏమీ లేదు. అప్పుడు అతని కళ్ల మీద ఈగ వాలింది, అతను విదిలించుకోలేదు.

బుచ్చమ్మ అరవలేదు. కొంగుతో అతని ముఖం మీది సున్నపు చుక్కలు తుడిచింది. ఎండ పడకుండా తట్ట అడ్డం పెట్టి, ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మధ్యన నిలబడింది. నాలుగింటికి కీసర నుంచి బస్సు తిరిగొచ్చింది. కుర్రాడు ఎర్రగుడ్డను చూడలేదు, సదాశివ చూశాడు. గంట త్రాడు తెగేట్టు లాగాడు.

నబీని ఆ వెనక సీటు మీదే పడుకోబెట్టి తీసుకొచ్చారు. సదాశివ అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా, ఎందుకో తనకే తెలియకుండా, దాటిపోతున్నవాటిని ఒక్కొక్కటే గొణుక్కుంటూ వచ్చాడు. వంపు. బడి. గేటు.

నూర్‌బీ గడపలోనే ఉంది. నలుగురు మోసుకొస్తున్నది చూసి కూడా ఆమె అడిగింది అదొక్కటే, పొద్దుటి నుంచి నోట్లో పెట్టుకుని కూర్చున్నది అదే కాబట్టి.

“పాసయిండా?”

“అయిండు భాబీ,” అన్నాడు సదాశివ. “ఒక్కటి సుత తప్పలే.”

నబీ జేబులోంచి టేపు తీసి ఆమె చేతికిచ్చాడు. దాని మీద సున్నం అంటింది. ఆమె దాన్ని పైటతో తుడిచి, చుట్ట విప్పి, ఎక్కడా వేలు పెట్టకుండా చాలాసేపు పట్టుకుని నిలబడింది. రెండో నెలలో గది ఖాళీ చేయించారు. మిషను తీసుకుని ఆమె అన్నగారి ఊరికి పోయింది.

ఇంగ్లీషు అంకెలు వేసేవాడు ఆ ఏడు అయిదో స్టేజీ దాకా రానే లేదు. ఆ రోజు నబీ చెయ్యి దానంతట అదే ఆగిపోయిందో, అతనే ఆపాడో బుచ్చమ్మ చెప్పలేకపోయింది. సదాశివ రోజుకు రెండుసార్లు ఆ దారిన కీసర పోతూ రాయి వచ్చినప్పుడల్లా ఎడమవైపు చూసేవాడు. రాయికి మూడు పక్కలా సున్నం ఉండేది, నాలుగో పక్కన కూడా పైనా కిందా ఎడమనా సున్నం ఉండేది, మధ్యలో కుంచె ఆనని చోట గుండ్రంగా, నల్లగా, అయిదు ఉండేది.